సొంత ఏఎం3358 బోర్డు: యు-బూట్ మధ్యలో డేటా అబార్ట్, వెంటనే రీసెట్ [పరిష్కారమైంది]

లంకపొలం · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నడిపే కంట్రోలర్ కోసం బీగల్‌బోన్ బ్లాక్ (చిన్న లినక్స్ కంప్యూటర్ బోర్డు) స్కీమాటిక్ ఆధారంగా సొంత బోర్డు చేయించాం. ప్రాసెసర్ అదే ఏఎం3358, అదే మైక్రాన్ 512 ఎంబీ డీడీఆర్3 ర్యామ్ చిప్, అదే పవర్ ఐసీ టీపీఎస్65217సీ, 4 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే ఉండే స్టోరేజ్ చిప్). హెచ్‌డీఎంఐ తీసేశాం. అసలు బీగల్‌బోన్ ఆరు లేయర్ల బోర్డు కదా, ఖర్చు తగ్గుతుందని మాది నాలుగు లేయర్లలో వేయించాం.

మొదటి విడతలో పది బోర్డులు వచ్చాయి. ఏడు బాగానే ఉన్నాయి. మూడింటితోనే గొడవ. సీరియల్ కన్సోల్‌లో ఎస్‌పీఎల్ (బూట్‌లోడర్‌ను ర్యామ్‌లోకి ఎక్కించే తొలి చిన్న ప్రోగ్రామ్) బ్యానర్ వస్తుంది, "ట్రయింగ్ టు బూట్ ఫ్రమ్ ఎంఎంసీ1" అంటుంది, యు-బూట్ (లినక్స్‌ను లేపే ఆ బూట్‌లోడర్) బ్యానర్ వస్తుంది, డీర్యామ్ 512 అని కూడా చూపిస్తుంది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట "డేటా అబార్ట్" (మెమరీ యాక్సెస్ తప్పు) అని రిజిస్టర్లన్నీ కక్కి "రీసెట్టింగ్ సీపీయూ" అంటుంది. మళ్లీ మొదటికి. ఒక్కోసారి ఏమీ కాకుండా లినక్స్ లాగిన్ దాకా వెళ్లిపోతుంది కూడా.

యు-బూట్ 2023.04, ఏఎం335ఎక్స్ ఈవీఎం డిఫ్‌కాన్ఫిగ్ (రెడీమేడ్ బిల్డ్ సెట్టింగులు), ఏమీ మార్చలేదు. వచ్చే వారం భీమవరం దగ్గర ఒక రైతు చెరువు మీద బిగించాలి. టెన్షన్‌గా ఉంది.

వరంగల్_వైర్ · సోమవారం, రాత్రి 10:58

అన్నా, ముందుగాల పవర్ సప్లై మార్చి చూడు. ఫోన్ చార్జర్‌తో బోర్డు నడిపి "క్రాష్ అవుతోంది" అనేవాళ్లను ఇక్కడ మస్తు చూసినం.

లంకపొలం · సోమవారం, రాత్రి 11:10

5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్. అది కాదని బెంచ్ సప్లై పెట్టి కూడా చూశాను, తేడా లేదు. డీడీఆర్ రైలు (ర్యామ్‌కు పవర్ ఇచ్చే లైను) 1.5 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది, క్రాష్ అయ్యే క్షణంలో స్కోప్‌లో కుంగడం కనిపించలేదు.

హెక్స్‌డంప్ · మంగళవారం, ఉదయం 6:20

పవర్‌ను పక్కన పెడదాం. క్రాష్ అయినప్పుడు యు-బూట్ ఇచ్చే ఆ రిజిస్టర్ల చిట్టా ఎవరూ చదవరు, అందరూ రీసెట్ లైను దగ్గరే ఆగిపోతారు. అందులో మొదటి వరసలో "పీసీ" (ప్రాసెసర్ అప్పుడు నడుపుతున్న కోడ్ అడ్రస్), కింద వరసలో "రీలాక్ పీసీ" అని రెండు విలువలు ఉంటాయి. మనకు కావాల్సింది రెండోది.

ఎందుకంటే యు-బూట్‌ను ఎస్‌పీఎల్ మొదట హెక్స్ 80800000 దగ్గర పెడుతుంది. అది లేచాక తనను తానే ర్యామ్ పైభాగానికి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడుస్తుంది. దాంతో "పీసీ"లో కనిపించే అడ్రస్ మీ మ్యాప్ ఫైల్‌లో (ఫంక్షన్ల అడ్రసుల చిట్టా) ఎక్కడా దొరకదు. "రీలాక్ పీసీ" మాత్రం ఆ జరిగిన దూరాన్ని తీసేసి చూపిస్తుంది. దాన్ని సిస్టమ్ మ్యాప్‌లో వెతకండి, లేదా అదే బిల్డ్‌లోని యు-బూట్ ఈఎల్ఎఫ్ ఫైల్ మీద యాడర్2లైన్ నడపండి. ఫైల్ పేరు, లైను నంబరు వస్తాయి. వేరే బిల్డ్ ఈఎల్ఎఫ్ వాడితే తప్పుడు లైను చూపిస్తుంది, జాగ్రత్త.

ఒకే బోర్డు మీద వరసగా కొన్ని క్రాష్‌లు పట్టుకుని ఆ ఫంక్షన్ల పేర్లు ఇక్కడ పెట్టండి. ప్రతిసారీ ఒకే చోటైతే సాఫ్ట్‌వేర్‌లో వెతుకుదాం. చోటు మారుతుంటే కోడ్ జోలికి వెళ్లకండి.

కొత్తబ్యాచ్ · మంగళవారం, ఉదయం 9:05

నాకూ ఇదే సమస్య సార్! నాది సొంత బోర్డు కాదు, కొన్న బీగల్‌బోన్ బ్లాకే. నిన్న కొత్త యు-బూట్ బిల్డ్ చేసి మెమరీ కార్డులోకి డీడీ కమాండ్‌తో రాశాను. ఎస్‌పీఎల్ బ్యానర్ వస్తుంది, తర్వాత ఏమీ రాదు. ఎన్నిసార్లు చూసినా అంతే.

హెక్స్‌డంప్ · మంగళవారం, ఉదయం 9:31

@కొత్తబ్యాచ్, మీది వేరే సమస్య. మీకు ఎప్పుడూ ఒకే చోట ఆగుతోంది, ఆయనకు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియదు. అయినా అడిగారు కాబట్టి: యు-బూట్ ఇమేజ్ రాసేటప్పుడు బ్లాక్ సైజు 384 కేబీ, కౌంట్ 2, సీక్ 1 (మొదటి బ్లాక్ వదిలి రాయమని) అని ఇచ్చారా?

కొత్తబ్యాచ్ · మంగళవారం, ఉదయం 9:40

అవును సార్, నెట్‌లో ఒక పాత గైడ్‌లో అలాగే ఉంది.

హెక్స్‌డంప్ · మంగళవారం, ఉదయం 9:58

కౌంట్ 2 అంటే రాసేది 768 కేబీ మాత్రమే. ఆ గైడ్ రాసిన రోజుల్లో ఇమేజ్ అందులో పట్టేది. మీ ఇమేజ్ సైజు ఎంతో చూడండి. దాటితే తోక కత్తిరించినట్టే, ఆ చోట కార్డులో పాత బిల్డ్ తోక అలాగే ఉండిపోతుంది. యు-బూట్ తన డివైస్ ట్రీని (బోర్డులో ఏమేం ఉన్నాయో చెప్పే డేటా) చివర్లో అతికించుకుంటుంది కాబట్టి ముందు పోయేది అదే. ఎస్‌పీఎల్‌లో పాత తరహా ఇమేజ్‌కు సీఆర్‌సీ తనిఖీ (డేటా చెడిందో లేదో చూసేది) అనేది విడిగా ఎంచుకోవాల్సిన ఆప్షన్. అది ఆన్ చేయకపోతే మ్యాజిక్ నంబరు, సైజు సరిగ్గా ఉంటే చాలు, లోపల ఏముందో చూడకుండా అందులోకి దూకేస్తుంది.

కౌంట్ పెంచే ముందు ఫస్ట్ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. 1 ఎంబీ దగ్గర మొదలైతే 384 కేబీ నుంచి మీకు మిగిలేది 640 కేబీయే. అంతకు మించి రాస్తే మీ ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) సూపర్‌బ్లాక్ మీద యు-బూట్ కూర్చుంటుంది. పార్టిషన్ 4 ఎంబీ నుంచి మొదలుపెట్టండి.

కొత్తబ్యాచ్ · మంగళవారం, ఉదయం 10:47

ఇమేజ్ 1 ఎంబీ దాటింది. కార్డు మళ్లీ పార్టిషన్ చేసి కౌంట్ 4తో రాశాను, బూట్ అయింది! థాంక్యూ సార్. ఇంకో సందేహం: బూట్ బటన్ నొక్కి కార్డు నుంచి లేపితే ఎంఎంసీ1 అని వస్తోంది. మాన్యువల్‌లో కార్డును ఎంఎంసీ0 అన్నారు కదా?

నైట్‌షిఫ్ట్ · మంగళవారం, ఉదయం 11:15

చిప్ మాన్యువల్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఎస్‌పీఎల్ మెసేజ్ ఒకటి నుంచి. కాబట్టి ఎస్‌పీఎల్ నోట ఎంఎంసీ1 అంటే కార్డు, ఎంఎంసీ2 అంటే ఈఎంఎంసీ. యు-బూట్ ప్రాంప్ట్‌లోకి వెళ్లాక మళ్లీ సున్నా నుంచి. దీనికి కారణం అడక్కండి.

ఇంకా ఎప్పుడైనా కన్సోల్‌లో వరసగా "సీ" అక్షరాలే వస్తుంటే అది క్రాష్ కాదు. చిప్ లోపలి రోమ్ కోడ్‌కు ఎంఎల్ఓ (ఎస్‌పీఎల్ ఉండే ఫైల్) ఎక్కడా దొరక్క, సీరియల్ కేబుల్ మీద ఎక్స్‌మోడెమ్‌తో పంపమని అడుగుతోందని అర్థం.

లంకపొలం · మంగళవారం, రాత్రి 9:25

@హెక్స్‌డంప్ గారూ, చెప్పినట్టే పట్టుకున్నాను. ఒకే బోర్డు, ఒకే కార్డు. ఒకసారి మెమ్‌కాపీలో, ఒకసారి మాలోక్‌లో, ఒకసారి డివైస్ ట్రీ చదివే ఫంక్షన్‌లో పోయింది. మరోసారి డేటా అబార్ట్ కూడా కాదు, "అన్‌డిఫైన్డ్ ఇన్‌స్ట్రక్షన్" అని వచ్చింది. అదే కార్డు మంచి బోర్డులో పెడితే హాయిగా బూట్ అవుతోంది.

హెక్స్‌డంప్ · మంగళవారం, రాత్రి 9:50

సందేహం తీరింది. కార్డులో సరిగ్గా ఉన్న కోడ్ ర్యామ్‌లోకి వెళ్లాక చెడిపోతోంది. ప్రాసెసర్‌కు అర్థం కాని ఇన్‌స్ట్రక్షన్ ఎదురైందంటే ఆ బైట్లు మీ కంపైలర్ రాసినవి కావు. ఎస్‌పీఎల్ ఎప్పుడూ పడిపోకపోవడానికి కారణం కూడా ఇదే, అది డీడీఆర్‌లో కాకుండా చిప్ లోపలి ఎస్‌ర్యామ్‌లో నడుస్తుంది.

వరంగల్_వైర్ · మంగళవారం, రాత్రి 10:02

మరి డీర్యామ్ 512 అని సక్కగనే చూపిస్తుంది కదా?

హెక్స్‌డంప్ · మంగళవారం, రాత్రి 10:14

ఆ లైను సైజు చెబుతుందే తప్ప ఆరోగ్యం చెప్పదు. రెండింతలు పెంచుకుంటూ పోయే కొన్ని అడ్రసుల్లో మాత్రమే రాసి, చదివి, ర్యామ్ ఎక్కడ ముగిసిందో లెక్కగడుతుంది. మధ్యలో ఉన్నదంతా దానికి పట్టదు.

పీసీబీ పంతులు · బుధవారం, ఉదయం 7:15

ఇప్పుడే మొత్తం చదివాను. లంకపొలం గారూ, ముందు మీటర్‌తో రెండు చూడండి. ప్రాసెసర్ డీడీఆర్ వీటీపీ పిన్ నుంచి గ్రౌండ్‌కు 49.9 ఓమ్స్, 1 శాతం రెసిస్టర్ ఉండాలి. డీడీఆర్ డ్రైవర్ల ఇంపిడెన్స్‌ను చిప్ దాన్ని చూసే సరిచేసుకుంటుంది, అసెంబ్లీలో దాని బదులు ఇంకేదో పడటం నేను చూశాను. రెండోది వీరెఫ్ (డీడీఆర్ రిఫరెన్స్ వోల్టేజ్). అది డీడీఆర్ వోల్టేజ్‌లో సగం, అంటే 0.75 ఉండాలి.

అవి సరిగ్గా ఉంటే అసలు ప్రశ్నకు వద్దాం. మీ బోర్డులోని ఈఈప్రామ్‌లో (బోర్డు పేరు దాచే చిన్న మెమరీ చిప్) ఏం రాశారు?

లంకపొలం · బుధవారం, ఉదయం 8:40

రెండూ కొలిచాను, సరిగ్గానే ఉన్నాయి. ఈఈప్రామ్ ఖాళీగా ఉంటే ఎస్‌పీఎల్ బోర్డును గుర్తుపట్టక ఆగిపోతోందని అసలు బీగల్‌బోన్ నుంచి డంప్ తీసి రాసేశాం. ఏఏ 55 33 ఈఈ, దాని తర్వాత ఏ335బీఎన్ఎల్‌టీ.

పీసీబీ పంతులు · బుధవారం, ఉదయం 9:20

అనుకున్నాను. ఆ ఎనిమిది అక్షరాలు కేవలం పేరు కాదు. యు-బూట్ సోర్సులో బోర్డ్ ఫోల్డర్, టీఐ, ఏఎం335ఎక్స్ కింద ఉన్న బోర్డ్ డాట్ సీ తెరిచి చూడండి. పేరు బీగల్‌బోన్ బ్లాక్ అని తేలగానే డీడీఆర్ క్లాక్ 400 మెగాహెర్ట్జ్, టైమింగ్‌లు, పీహెచ్‌వై (ర్యామ్‌తో సిగ్నళ్లు నడిపే భాగం) ఆలస్యాలు అన్నీ ఆ బోర్డువే పెట్టేస్తుంది. ప్రాసెసర్ వేగం కూడా అంతే: లోపలి ఫ్యూజ్ (చిప్ గరిష్ఠ వేగం గుర్తు) ఏం చెప్పినా పట్టించుకోకుండా 1 గిగాహెర్ట్జ్, 1.325 వోల్టులు. 800 మెగాహెర్ట్జ్ చిప్ చవకగా దొరికిందని వేసి ఇదే పేరు రాసినవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

డీడీఆర్ చిప్ అదే కాబట్టి మీ టైమింగ్‌లు సరిపోతాయి. పీహెచ్‌వై ఆలస్యాలు మాత్రం చిప్‌కు సంబంధించినవి కావు, రాగి తీగ పొడవుకు సంబంధించినవి. డిపోలో బస్సు బయల్దేరే టైమ్ ఒకటే అయినా మన స్టాపుకు ఎప్పుడొస్తుందో దూరాన్ని బట్టి ఉంటుంది కదా. డీక్యూఎస్ సిగ్నల్ (డేటాను ఏ క్షణంలో చదవాలో చెప్పేది) కూడా అంతే. మీరు నాలుగు లేయర్లకు కుదించినప్పుడు తీగలన్నీ వేరే దారిలో పోయాయి. లేయర్ల మధ్య మందం మారింది కాబట్టి ఇంపిడెన్స్ కూడా మారి ఉంటుంది. అయినా అసలు బోర్డు కోసం కొలిచిన అంకెలతోనే చదువుతున్నారు. ఏడు బోర్డులు బతికింది అదృష్టం వల్ల. ఎండలో బాక్స్ వేడెక్కాక అవీ ఏం చేస్తాయో నేను పూచీ ఇవ్వను.

నైట్‌షిఫ్ట్ · బుధవారం, ఉదయం 10:05

పంతులు గారి మాట నిజమో కాదో తేల్చడానికి చిన్న పరీక్ష. డీడీఆర్ క్లాక్‌ను 400 నుంచి 303కు దించి బిల్డ్ చేయండి. క్రాష్‌లు మాయమైతే టైమింగ్ మార్జిన్ సమస్యే. అంతకంటే కిందికి మాత్రం పోకండి, డీఎల్‌ఎల్ (ర్యామ్ లోపల క్లాక్‌ను సరిచేసే సర్క్యూట్) ఆన్‌లో ఉండగా డీడీఆర్3కి కనీసం 300 మెగాహెర్ట్జ్ కావాలి.

ఒక మెలిక ఉంది. క్లాక్ ఒక్కటే మార్చి ఊరుకుంటే రిఫ్రెష్ (ర్యామ్ డేటా చెరగకుండా మళ్లీ మళ్లీ నింపడం) దెబ్బతింటుంది. ఆ రిజిస్టర్‌లో ఉండేది క్లాకుల లెక్క. 7.8 మైక్రోసెకన్లకు 400 మెగాహెర్ట్జ్ దగ్గర 3120 క్లాకులు, 303 దగ్గర 2363. పాత 3120నే ఉంచితే రిఫ్రెష్ 10 మైక్రోసెకన్లు దాటుతుంది. అప్పుడు క్రాష్ వస్తే అది పాత జబ్బో, మనం తెచ్చిపెట్టిన కొత్త జబ్బో తెలియదు. మిగతా టైమింగ్‌లు క్లాక్ నిదానించినప్పుడు ఇంకా వదులవుతాయి కాబట్టి పరీక్ష వరకు వాటిని వదిలేయొచ్చు.

లంకపొలం · బుధవారం, రాత్రి 11:30

303, 2363తో బిల్డ్ చేసి మూడు చెడ్డ బోర్డుల్లోనూ పెట్టాను. సాయంత్రం నుంచి రిలేతో పవర్ ఆపుతూ వేస్తూ ఉన్నాం, ఒక్క డేటా అబార్ట్ కూడా రాలేదు!! ఇలాగే వదిలేసి ఫీల్డ్‌కు పంపేయొచ్చా? మాకు వేగం అంత అవసరం లేదు.

పీసీబీ పంతులు · గురువారం, ఉదయం 6:50

పంపొద్దు. 303 దగ్గర కిటికీ (సరిగ్గా పనిచేసే ఆలస్యాల పరిధి) వెడల్పయింది కానీ మీరు ఇంకా దాని అంచునే నిలబడి ఉన్నారో, మధ్యలో ఉన్నారో తెలియదు. ఏఎం335ఎక్స్‌లో హార్డ్‌వేర్ లెవెలింగ్ లేదు, ఆలస్యాలను మనమే కనిపెట్టి ఇవ్వాలి. టీఐ వాళ్లు దీనికి ఒక స్ప్రెడ్‌షీట్ ఇస్తారు. మీ లేఔట్ నుంచి క్లాక్ తీగ పొడవు, రెండు బైట్ లేన్ల (ఒక్కో బైట్ డేటా తీగల గుంపు) డీక్యూఎస్ తీగల పొడవులు అందులో వేస్తే ప్రారంభ విలువలు వస్తాయి. ఆ విలువలతో వాళ్ల సాఫ్ట్‌వేర్ లెవెలింగ్ ప్రోగ్రామ్‌ను కోడ్ కంపోజర్ స్టూడియోలో జేటాగ్ (డీబగ్ కనెక్షన్) ద్వారా నడపాలి. చదివే డీక్యూఎస్, గేట్, రాసే డీక్యూఎస్, రాసే డేటా, ఈ నాలుగింటికీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పనిచేస్తుందో వెతికి మధ్య విలువ ఇస్తుంది. జేటాగ్ ప్యాడ్లు వదిలారా?

లంకపొలం · గురువారం, ఉదయం 7:30

వదిలాం. ప్రోబ్ మా దగ్గర లేదు, కాకినాడలో ఒక ఫ్రెండ్ దగ్గర ఎక్స్‌డీఎస్110 ఉంది, తెప్పిస్తున్నా.

వరంగల్_వైర్ · గురువారం, ఉదయం 8:10

ప్రోబ్ వచ్చేలోపు ప్రాంప్ట్‌లో ఎంటెస్ట్ (యు-బూట్ మెమరీ టెస్ట్ కమాండ్) నడిపితే కాదా? నేనైతే మొత్తం ర్యామ్ మీద నడిపినా, నా బోర్డు మంచిదే అయినా సచ్చిపోయింది.

హెక్స్‌డంప్ · గురువారం, ఉదయం 8:35

మొత్తం ర్యామ్ అంటే పైభాగంలో నడుస్తున్న యు-బూట్ కూడా అందులోనే ఉంది, తన కొమ్మను తానే నరుక్కుంది. హెక్స్ 81000000 నుంచి 90000000 దాకా ఇవ్వండి చాలు. డీ-క్యాష్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడపాలి. క్యాష్ ఆన్‌లో ఉంటే ర్యామ్‌కు బర్స్ట్‌లుగా వెళ్తుంది, ఆఫ్‌లో విడివిడిగా. ఒకదాంట్లో దాక్కున్న తప్పు ఇంకోదాంట్లో బయటపడుతుంది.

లంకపొలం గారి బోర్డు 400 దగ్గర ప్రాంప్ట్ దాకా నిలకడగా రావడం లేదు కాబట్టి ఆయన ఎస్‌పీఎల్‌లోనే, డీడీఆర్ ఇనిషియలైజ్ అయిన వెంటనే ఒక చిన్న టెస్ట్ లూప్ పెట్టుకోవచ్చు. ప్రతి అడ్రసులో ఆ అడ్రసునే రాసి తిరిగి చదవడం. ఎస్‌పీఎల్‌కు ఉన్న చోటు దాదాపు 109 కేబీ, పెద్ద కథలు రాయకండి.

లంకపొలం · శనివారం, సాయంత్రం 5:45

అప్‌డేట్. ఎస్‌పీఎల్‌లో లూప్ పెడితే 400 దగ్గర తప్పులు వచ్చాయి, అన్నీ పై బైట్‌లోనే. కింది బైట్‌లో ఒక్కటి లేదు. లేఔట్ తెరిచి చూస్తే రెండో లేన్ డీక్యూఎస్ తీగ ఈఎంఎంసీని తప్పించుకోవడానికి చుట్టూ తిరిగి వెళ్లింది, మొదటి లేన్ కంటే బాగా పొడుగు.

ప్రోబ్‌తో లెవెలింగ్ నడిపాం. యు-బూట్‌లో బీగల్‌బోన్ బ్లాక్ కోసం ఉన్న విలువలు, హెక్స్‌లో: చదివే డీక్యూఎస్ 38, గేట్ 94, రాసే డీక్యూఎస్ 44. మాకు చదివేది దాదాపు అక్కడే వచ్చింది, గేట్ మాత్రం దూరంగా వచ్చింది. యు-బూట్ స్ట్రక్చర్‌లో రెండు లేన్లకూ ఒకే విలువ ఉంది కదా, లేన్‌కు ఒకటి ఇవ్వడం ఎలా?

పీసీబీ పంతులు · శనివారం, సాయంత్రం 6:30

ఇప్పటికి రెండు లేన్ల కిటికీలూ కలిసే చోట మధ్య విలువ తీసుకోండి. కలిసే భాగం మరీ ఇరుకుగా ఉంటే డీడీఆర్ డేటా రిజిస్టర్లు రాసే ఫంక్షన్‌ను మార్చి లేన్‌కు ఒక విలువ రాయొచ్చు, హార్డ్‌వేర్‌లో లేన్లకు విడి రిజిస్టర్లే ఉన్నాయి. కానీ తర్వాతి విడతలో ఈఎంఎంసీని జరిపి ఆ తీగ సరిచేయించండి. నాలుగు లేయర్లలోనూ ఇది సాధ్యమే, లేఔట్ చేసినవాళ్లు పొడవులు సరిపోల్చకుండా ఇచ్చారంతే.

విలువలను కొత్త పేరు కింద పెట్టండి. బీగల్‌బోన్ పేరు కింద ఉన్నవాటిని మారిస్తే రేపు మీ ఆఫీసులో ఎవరో అసలు బీగల్‌బోన్ మీద ఈ బిల్డ్ వేసి మళ్లీ ఇక్కడికే వస్తారు.

లంకపొలం · ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఈఈప్రామ్‌లో మా పేరు రాసి, బోర్డ్ డాట్ సీలో కొత్త షరతు పెట్టి, కొత్త విలువలు ఇచ్చాను. 400 దగ్గరే పది బోర్డులూ బూట్ అవుతున్నాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసినా లూప్‌లో తప్పుల్లేవు. కానీ ఇప్పుడు "కుడ్ నాట్ డిటర్మిన్ డివైస్ ట్రీ" అనే హెచ్చరిక వచ్చి కెర్నల్ దగ్గర ఆగింది.

నైట్‌షిఫ్ట్ · ఆదివారం, మధ్యాహ్నం 1:40

అది రావాల్సిందే. యు-బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో (సేవ్ అయ్యే సెట్టింగులు) ఫైండ్‌ఎఫ్‌డీటీ అనే స్క్రిప్ట్ కూడా అదే బోర్డు పేరు చూసి డీటీబీ (డివైస్ ట్రీ) ఫైల్‌ను ఎంచుకుంటుంది. అందులో మీ పేరుకు ఒక వరస కలపండి. పాత ఎన్విరాన్‌మెంట్ సేవ్ అయి ఉంటే కొత్త డిఫాల్ట్ కనిపించదు, ఒకసారి రీసెట్ చేసి సేవ్ చేయండి.

చెరువు మీద పెడుతున్నారు కాబట్టి ఇంకొకటి. కన్సోల్ కేబుల్ పీకేశాక ఆర్ఎక్స్ (డేటా అందుకునే) పిన్ గాల్లో వేలాడుతుంది. మోటారు స్టార్ట్ అయినప్పుడు వచ్చే నాయిస్‌ను కీ నొక్కినట్టు అనుకుని యు-బూట్ ప్రాంప్ట్‌లోనే కూర్చుండిపోతుంది. రైతు మీకు ఫోన్ చేసి "బోర్డు చచ్చింది" అంటాడు. ఆర్ఎక్స్‌కు పుల్-అప్ రెసిస్టర్ వేయండి, బూట్‌డిలే మైనస్ 2 పెట్టండి, అప్పుడు కీ కోసం చూడనే చూడదు. మైనస్ 1 పెట్టకండి, అది ఆటోబూట్‌నే ఆపేస్తుంది.

లంకపొలం · ఆదివారం, మధ్యాహ్నం 2:20

డీటీబీ సరిపోయింది. ఆర్ఎక్స్‌కు పుల్-అప్ లేదు, పది బోర్డులకూ చేత్తో వేస్తాం. చివరి ప్రశ్న: రేపు ఎంఎల్ఓ అప్‌డేట్ చేస్తుండగా చెరువు గట్టున కరెంటు పోతే?

హెక్స్‌డంప్ · ఆదివారం, మధ్యాహ్నం 2:55

రోమ్ కోడ్ ఈఎంఎంసీలో 0, 128, 256, 384 కేబీల దగ్గర, ఈ నాలుగు చోట్లా ఎంఎల్ఓ హెడర్ కోసం వరసగా చూస్తుంది. 0 దగ్గర పార్టిషన్ టేబుల్ ఉంది, 384 దగ్గర మీ యు-బూట్ ఉంది. మిగిలిన 128, 256 రెండింట్లోనూ ఎంఎల్ఓ పెట్టండి. అప్‌డేట్ చేసేటప్పుడు ముందు 256 రాయండి, తిరిగి చదివి సరిపోల్చుకోండి, తర్వాతే 128. రాసేటప్పుడు 128లో హెడర్ ఉన్న మొదటి సెక్టార్‌ను ముందు చెరిపి, మిగతాదంతా రాశాక చివర్లో దాన్ని రాయండి. రోమ్ కోడ్ హెడర్‌ను మాత్రమే చూస్తుంది, హెడర్ బాగుండి లోపల సగమే ఉంటే అందులోకే దూకుతుంది. యు-బూట్ ఇమేజ్‌కు ఈ సదుపాయం లేదు, రెండో కాపీ కావాలంటే ఎస్‌పీఎల్‌లో మీరే రాసుకోవాలి.

వరంగల్_వైర్ · ఆదివారం, మధ్యాహ్నం 3:10

అన్నా, ఆ బోర్డ్ డాట్ సీ ప్యాచ్ ఈడ పెట్టు. నాది కూడా నాలుగు లేయర్లే, ఇంకా ఫ్యాబ్‌కు పంపలే.

లంకపొలం · ఆదివారం, మధ్యాహ్నం 3:25

రాత్రికి పెడతాను. అందులోని విలువలు మాత్రం వాడకండి, అవి మా తీగలవి. స్ప్రెడ్‌షీట్‌లో మీ పొడవులు వేసుకోండి.